తడి పని ఆదివారం, గీత పని రోజూ: ముగ్గు గీతలతో మిక్స్‌డ్ మీడియా బొమ్మలు వేసే పద్ధతి

ఇడ్లీ పిండి రుబ్బేది వారానికి ఒకసారో రెండుసార్లో, ఇడ్లీలు వేసేది రోజూ. కాగితం అతికించి, రంగు పూసి, పైన పెన్నుతో ముగ్గు గీసే రోజువారీ మిక్స్‌డ్ మీడియా బొమ్మకీ ఇదే లెక్క. ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళు పదో రోజుకి మానేసేది చేయి తిరగక కాదు. రోజూ జిగురు డబ్బా తీయాలి, కుంచె కడగాలి, బల్ల తుడవాలి, ఆరేదాకా కాపలా కాయాలి. ఆఫీసుకి బయల్దేరే ముందు దొరికే పదిహేను నిమిషాల్లో ఇదంతా అయ్యే పని కాదు. అందుకని కాగితాలు అతికించడం, రంగు పూయడం లాంటి తడి పని మొత్తం ఆదివారం వారానికి కావాల్సిన ఏడు చిన్న కాగితం ముక్కలకీ కలిపి ఒకేసారి చేసేయండి. మిగతా రోజుల్లో పెన్ను, పెన్సిలు తప్ప ఇంకేవీ బయటికి రాకూడదు.

ఈ పద్ధతిని చెన్నై ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాం. ఇక్కడి ఉక్కపోత, ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ఈశాన్య వానలు కాగితానికీ జిగురుకీ పెట్టే తిప్పలు వేరు. హైదరాబాదులో ఇరవై నిమిషాల్లో ఆరే పూత ఇక్కడ నవంబరులో గంటన్నరకీ ఆరదు.

ముక్క ఎంత ఉండాలి

9 సెంటీమీటర్ల చదరం. అమెరికాలో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ మొదలుపెట్టిన, చిన్న కాగితం ముక్కని నమూనాలతో నింపే జెంటాంగిల్ పద్ధతిలో ముక్క మూడున్నర అంగుళాలు, అంటే దాదాపు ఇంతే. ఆ కొలతకి కారణం ఉంది. పదిహేను ఇరవై నిమిషాల్లో ఒక ముక్క నిండుతుంది, చెడితే పోయేదీ అంతే. ఏ4 కాగితం ముందేసుకుంటే సగంలో ఆగిపోయిన బొమ్మ మర్నాడు మనల్నే చూస్తూ కూర్చుంటుంది.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితం పూర్తి షీటు 56×76 సెంటీమీటర్లు. దాంట్లో ఆరు వరుసలు, వరుసకి ఎనిమిది చొప్పున 48 ముక్కలు వస్తాయి. ఏడు వారాలకి ఒక్కటే తక్కువ. మిగిలే సన్న పేలికలు పారేయకండి, పెన్నూ రంగూ పరీక్షించడానికి అవే కావాలి. షీటు కోసం ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళితే కాగితం కొట్లు వరసగా ఉంటాయి. షీటుని చుట్టగా చుట్టివ్వనివ్వకండి. చుట్టిన మందపాటి కాగితం మళ్ళీ చదునుగా పడుకోవడానికి రెండు రోజులు బరువు కింద ఉండాలి.

అసలు కొనక్కర్లేని కాగితం ఒకటి ప్రతి తెలుగు ఇంట్లోనూ బీరువా పైన మూలుగుతూ ఉంటుంది: పాత పెళ్ళి శుభలేఖలు. మంచి మందం ఉన్న అట్ట. వినాయకుడి బొమ్మ ఉన్న వైపు కత్తెర పెట్టడానికి మనసొప్పదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి లోపలి అట్టలు తీసుకోండి. ముందు తడి వేలు ఆనించి చూడండి. తడి పీల్చుకుని మచ్చ పడితే పనికొస్తుంది. నీటిబొట్టు పైనే జారితే అది ప్లాస్టిక్ పూత, దానిమీద జిగురూ ఇంకూ నిలవవు. మూలల పసుపు కూడా కత్తిరించేయండి. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది, ఏ రంగు కింద పెట్టినా ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది.

కావాల్సినవి

పెన్ను విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. నీళ్ళకి చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్నులు రెండు చాలు. సకురా పిగ్మా మైక్రాన్‌లో 01 అంటే 0.25 మిల్లీమీటర్ల గీత, 05 అంటే 0.45. సన్న గీతకి మొదటిది, నలుపు నింపడానికి రెండోది. 0.20 గీత ఇచ్చే 005 చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ గరుకు పూత మీద దాని మొన వారంలో అరిగిపోతుంది. మొదట్లో కొనకండి. మామూలు జెల్ పెన్ను రాతకి బాగుంటుంది, కానీ దానిమీద తడి కుంచె పడితే గీత మొత్తం కరిగి బూడిదరంగు మడుగవుతుంది.

ఇవి కాక 2బి పెన్సిలు, తెల్ల జెల్ పెన్ను, ఫెవికాల్ ఎంఆర్, ఒక అంగుళం వెడల్పు చదును కుంచె, తెలుపుతో కలిపి మూడు ఆక్రిలిక్ రంగులు, 400 నంబరు వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం), బటర్ పేపర్, గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి. ముక్కలు కోశాక స్కేలు పనేమీ ఉండదు. రబ్బరు వద్దేవద్దు. ముగ్గులో తప్పు పడితే చీపురు తేవడానికి వెళతామా? దాన్నే ఇంకో మెలికగా తిప్పేస్తాం.

ఆదివారం

చేతులు ఆడే సమయం మొత్తం గంటే, కానీ మూడు విడతలుగా పంచుకోవాలి. కాఫీ తాగాక జిగురు, భోజనం అయ్యాక తెల్ల పూత, దీపాలు పెట్టే వేళకి రంగు.

జిగురు: ఫెవికాల్ మూడు చెంచాలకి నీళ్ళు ఒక చెంచా. ఇంకా పల్చన చేస్తే కాగితం తడిసి ఉబ్బుతుంది, చిక్కగా ఉంచితే కుంచె జాడలు గట్టుల్లా నిలిచిపోతాయి. అట్టకీ, అతికించే కాగితానికీ రెంటికీ సన్నగా రాసి, మధ్యలోంచి అంచులకి ఏటీఎం కార్డుతో గాలి నెట్టేయండి. అంచుల నుంచి మొదలుపెడితే గాలి నడుమ చిక్కుకుని ఆరాక బొబ్బలా తేలుతుంది. అతికించిన ముక్కల మధ్య బటర్ పేపర్ పెట్టి, నాలుగు లావు పుస్తకాల కింద రెండు గంటలు ఉంచండి. అయినా అట్ట విల్లులా వంగితే కారణం ఒకటే: తడి ఒక వైపే తగిలింది. వెనక వైపు కూడా అదే జిగురుతో ఒక తెల్ల కాగితం అతికిస్తే రెండు వైపులా లాగుడు సమానమై చదునవుతుంది.

ఏం అతికించవచ్చు అంటే తెలుగు వారపత్రిక పేజీలు, పంచాంగం పాత కాగితాలు, పిల్లల లెక్కల పుస్తకం, చీర కొన్నప్పుడు వచ్చే పల్చటి కాగితం. న్యూస్‌ప్రింట్ కొన్నాళ్ళకి పచ్చబడుతుంది. చెక్క గుజ్జులోని లిగ్నిన్ అందులో ఉండిపోవడమే దానికి కారణం. ఆ రంగు నచ్చితే సరే, లేదంటే ఆ పేజీకి లేజర్ జిరాక్స్ తీయించి అతికించండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన కాపీ వద్దు, జిగురు తగలగానే రంగు కారుతుంది. మెషీన్‌లోంచి వచ్చే బిల్లులూ టికెట్లూ అసలే వద్దు. అది వేడికి నల్లబడే కాగితం, అచ్చేమో కొన్ని నెలల్లో మాసిపోతుంది. ఆ టికెట్టే కావాలనుకుంటే దానికీ జిరాక్సే.

మైదా ఉడికించిన జిగురు చవకే, పట్టు కూడా గట్టిదే. బైండింగ్ వాళ్ళు దాంట్లో మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండా. అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో వాడకూడదు. కలపకపోతే చెన్నైలో బొద్దింకలకి అది విందు. ఫెవికాలే నయం. తడి బియ్యప్పిండితో కాగితం మీద గీసే తెల్ల ముగ్గు సంగతీ ఇంతే, చీమలు గీత వెంబడే వస్తాయి.

తెల్ల పూత: కొట్లో దొరికే జెస్సో వాడొచ్చు. ఇంట్లో చేసుకోవాలంటే మెత్తటి సుద్దపొడి రెండు చెంచాలు, ఫెవికాల్ ఒకటి, తెల్ల ఆక్రిలిక్ ఒకటి, నీళ్ళు ఒక చెంచా దాకా. సుద్దని ముందు పల్చటి గుడ్డలో జల్లించండి. వాకిట్లో వేసే ముగ్గుపిండి కలపొద్దు, అందులో రాతి రవ్వ ఉంటుంది, పెన్ను మొన తినేస్తుంది. ఒక పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. అతికించిన అక్షరాలు అక్కడక్కడా లీలగా కనిపించేలా పల్చగా వేయండి, లేకపోతే అంత శ్రమపడి అతికించింది ఎందుకు? వేలితో రుద్దితే తెల్లగా అంటుకుంటే జిగురు తక్కువైందన్న మాట. గాజులా మెరిసి పెన్ను జారుతుంటే జిగురు ఎక్కువైంది. ఆరాక వాటర్ పేపర్‌తో నాలుగు రుద్దులు. ఈ మెట్టు దాటేసినవాళ్ళే పెన్నులు త్వరగా పాడవుతున్నాయని గొణుగుతారు.

రంగు: ఆక్రిలిక్‌ని పాలలా పల్చన చేసి సగం ముక్కకే పూయండి. మిగతా సగం తెల్లగా ఉండనివ్వాలి, గీత ఊపిరి పీల్చుకునేది అక్కడే. ఆయిల్ పేస్టల్, క్రేయాన్ ఈ పొరలో వద్దు. మైనం మీద ఇంకు ఎగిరెగిరి పడుతుంది, పైగా ఆ మైనం పెన్ను మొనలోకి ఎక్కి మొనని మూసేస్తుంది. కాఫీ డికాక్షన్ మరక బాగుంటుంది, అయితే పాలూ పంచదారా కలవక ముందు తీసిందే వాడండి.

రాత్రంతా ఫ్యాన్ కింద, ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి వదిలేయండి.

సోమవారం నుంచి: మెలిక ముగ్గు

ముక్క నాలుగు మూలలా పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్కల్ని లీలగా కలిపితే చట్రం తయారు. జెంటాంగిల్ పద్ధతి మొదలయ్యేది ఇలాగే. మన శుభలేఖకి నాలుగు మూలలా పసుపు అద్దినట్టే ఉంటుంది.

ఇప్పుడు నడిమధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు: అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు వరుసలు. సరి చుక్కలు, అంటే ఒకదాని కింద ఒకటి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల నడుమ, పైనా కిందా ఉన్న ప్రతి రెండు చుక్కల నడుమ ఒక చిన్న ఇంటూ గుర్తు పెన్సిలుతో వేయండి. అడ్డంగా తొమ్మిది, నిలువుగా ఎనిమిది, మొత్తం పదిహేడు కూడళ్ళు. లెక్క తప్పితే అక్కడే ఆగి వెతకండి, తర్వాత దొరకదు. ఇక ప్రతి ఇంటూ చేతినీ దగ్గరి ఇంటూ చేతికి కలపడమే. లోపలి చుక్కల చుట్టూ వజ్రంలా గదులు ఏర్పడతాయి. అంచున ఉన్న చుక్కల మీదుగా గీత విల్లులా వంగుతుంది, మూల చుక్కని గుండ్రంగా చుట్టి వెనక్కి తిరుగుతుంది. పెన్ను ఎత్తకుండా గీస్తూ పోతే బయల్దేరిన చోటికే వస్తారు, ఒక్క గీతతో పన్నెండు చుక్కలూ చిక్కుతాయి.

ఇది అదృష్టం కాదు, లెక్క. అడ్డం చుక్కలకీ నిలువు వరుసలకీ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని వస్తాయి. నాలుగూ మూడుకి ఒకటి, కాబట్టి ఒకే గీత. ఆరూ నాలుగుకి రెండు. మూడూ మూడుకి మూడు విడి గీతలు. మూడింటినీ ఒకటి చేయాలంటే కూడళ్ళు తెంపాలి: నడి చుక్కకి ఆనుకుని ఉన్న నాలుగింటిలో ఏదో ఒకటి, అంచువైపు ఉన్న ఎనిమిదింటిలో ఏదో ఒకటి. అక్కడ ఇంటూ బదులు ఎదురెదురుగా తిరిగిన రెండు విల్లులు గీయండి, రెండు కూడళ్ళు తెగగానే మూడు గీతలూ ఒక్కటవుతాయి. సౌష్ఠవం కాస్త పోతుంది, బొమ్మకి అదే అందం. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ బృందం 1970లలో కోలాల (తమిళ ముగ్గుల) మీద చేసిన పని కంప్యూటర్ శాస్త్రంలో చిత్ర వ్యాకరణాల (బొమ్మలు ఏర్పడే నియమాల) అధ్యయనానికి పనికొచ్చింది. వాకిట్లో అమ్మలు చేసేది అంత తేలిక పనేం కాదు.

గీత వణుకుతోందా? సాధారణంగా నెమ్మది ఎక్కువై వణుకుతుంది. పెన్ను ఆనించక ముందు గాల్లో అదే వంపుని రెండుసార్లు తిప్పి, ఆ ఊపులోనే కాగితం మీదికి దించండి. చేతిని మెలితిప్పకుండా ముక్కనే తిప్పండి, చిన్న ముక్కతో లాభాల్లో ఇదొకటి. పెన్ను నిటారుగా పట్టి, అదమకుండా లాగండి. అదిమితే మొన లోపలికి పోతుంది, మళ్ళీ రాదు.

ముగ్గు ఆరు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు తీసుకుంటుంది. పైనా కిందా రెండేసి సెంటీమీటర్ల పట్టీలు మిగులుతాయి. మంగళవారం వాటిలో కంచి చీర అంచులు దింపండి: గుడి అంచు త్రికోణాలు, రుద్రాక్ష అంచు, మామిడి పిందెలు. బుధవారం నలుపు. ముగ్గు గదుల్లో మూడో వంతు మాత్రమే నింపండి. అన్నీ నింపితే గీత చచ్చిపోతుంది, ఒకటీ నింపకపోతే కళ్ళు ఎక్కడా నిలవవు. గురువారం 2బి పెన్సిలుతో ఒక గీత ఇంకో గీత కిందికి దూరే చోట నీడ వేసి, చుట్టిన టిష్యూ కాగితంతో పులమండి. తెల్ల జెల్ పెన్ను చిట్టచివర. రంగున్న సగం మీద చుక్కలుగా వేసి పది నిమిషాలు ముట్టుకోకండి, వానాకాలంలో అరగంట. అది పారకపోతే చెత్త కాగితం మీద గుండ్రంగా తిప్పండి, నోటి ఆవిరి పట్టించడం దండగ.

ఒకే ముక్క నాలుగు రోజులా అంటే, మొదటి వారం అంతే. చేయి తిరిగాక రోజుకొకటి అవుతుంది.

బండిలో

బీచ్ నుంచి తాంబరం వెళ్ళే లోకల్లో మెలిక ముగ్గు కుదరదు, ఊపుకి కూడళ్ళు తప్పుతాయి. అక్కడ కుదుపుని కలుపుకునే నమూనాలు వేయాలి: పొడవు గీతల గడ్డి, చేప పొలుసులు, చుక్కలు. మెట్రోలో కుదుపు తక్కువ, నలుపు నింపే పని పెట్టుకోవచ్చు. రెండు ముక్కలు, ఒక 01 పెన్ను, వెనక ఆనుకోవడానికి గట్టి అట్ట, చాలు. పెన్నుని అడ్డంగా పడుకోబెట్టి పెట్టుకోండి.

నమూనాలు ఎక్కడ దొరుకుతాయి

అన్ని చోట్లా. పాత ఇళ్ళ కిటికీ గ్రిల్లులు, చెట్టినాడు వైపు ఆత్తంగుడి నేల పలకలు, గుడి స్తంభాలు. ధనుర్మాసం నెలంతా తెల్లారి నడకకి వెళితే వీధికి పది ముగ్గులు ఉచితం. జనవరిలో మైలాపూరు ఉత్సవాలప్పుడు ఉత్తర మాడవీధిలో జరిగే కోలం పోటీలో తెలుగు చేతులకీ తమిళ చేతులకీ తేడా చూడొచ్చు. ఫోటో తీసుకుని ఊరుకోవద్దు. ఫోన్లో పడిన నమూనా ఫోన్లోనే ఉండిపోతుంది. దాన్ని ఆరు గీతలకి మించకుండా విడగొట్టి, ముందు ఏ గీత, తర్వాత ఏది అని పేలిక ముక్క మీద మెట్లుగా వేసుకోండి. ఆరు మెట్లలో రాకపోతే అది నమూనా కాదు, బొమ్మ, వేరేగా వేయండి. వాకిలికి అంటించే స్టిక్కర్ ముగ్గులు ఈ పనికి రావు, వాటిలో చేయి వెళ్ళిన దారి ఉండదు.

అక్షరాలూ నమూనాలే. కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో 1966లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఏర్పడిన చోళమండలం చిత్రకారుల గ్రామానికి ఒక ఆదివారం వెళ్ళండి. రాతలా కనిపించే గుర్తులతో ఆయన బొమ్మని ఎలా నింపేవాడో చూస్తే, సరుకుల చీటీని అతికించి దానిమీద గీయడానికి ధైర్యం వస్తుంది. తెలుగు అక్షరాల గుండ్రదనం మెలిక ముగ్గుకి ముందే చుట్టం.

దాచడం

ఇక్కడే ఎక్కువ బొమ్మలు పోతాయి. ఆక్రిలిక్, ఫెవికాల్ రెండూ ఉక్కలో మళ్ళీ జిడ్డెక్కుతాయి. రెండు ముక్కలు ముఖాముఖి పెడితే నెలకి అతుక్కుని, విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదానికి వస్తుంది. ప్రతి రెంటి మధ్యా బటర్ పేపర్ తప్పనిసరి. పీవీసీ కవర్లలో పెట్టొద్దు, జిరాక్స్ నలుపు ఆ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. బయటి గోడకి ఆనుకున్న అలమరాలో పెడితే డిసెంబరుకి బూజు ఖాయం. అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, లోపలి గోడ పక్కన పెట్టండి. రోహిణి కార్తె ఎండల్లో కష్టం ఇంకో రకం: జిగురు పైపైన ఆరి లోపల పచ్చిగా ఉండి, అంచులు లేస్తాయి. ఆ రోజుల్లో ఫ్యాన్ వేగం ఒకటి మీద పెట్టి, బరువు కింద రెట్టింపు సేపు ఉంచండి.

మెరుపు పూత కుంచెతో వేస్తే తెల్ల జెల్ పెన్ను ఈడ్చుకుపోతుంది. వేయాలంటే స్ప్రే, అదీ రెండు సన్నటి విడతలు, బాల్కనీలో. గోడకి తగిలించేటప్పుడు స్టేపుల్, గుండుసూది వద్దు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి నెలలోనే తుప్పు మరక దిగుతుంది. నూలు తాడు, చెక్క క్లిప్పులు వాడండి.

తేదీ ముక్క వెనకాల 2బి పెన్సిలుతో రాయండి. బాల్ పెన్నుతో రాస్తే ఆ అదుముడు ముందుకి గట్టులా లేచి, ముగ్గు నడుమ తేదీ కనిపిస్తుంది.